మన ముత్తాతలు నిజంగా ఓటేశారా? మదరాసు కౌన్సిల్ నుంచి ఒడిశా అసెంబ్లీ దాకా

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్తే. మా ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది, మీరే తీర్చాలి. మొన్న ఆదివారం భోజనాల దగ్గర తాతయ్య "మా నాన్న 1937లోనే ఓటేశాడు, ఒడిశా అసెంబ్లీకి జరిగిన మొట్టమొదటి ఎలక్షన్లో" అన్నాడు. నేను పోటీ పరీక్షలకి చదువుతున్నాను కదా, నోరు ఊరుకోలేదు. "అప్పట్లో అందరికీ ఓటు లేదు తాతయ్యా, మనకి రెండెకరాలు కూడా లేవు, ఎలా వేస్తాడు" అనేశాను. అంతే, రెండు రోజులుగా నాతో మాట లేదు, కాఫీ కూడా నా చేత్తో తీసుకోవట్లేదు.
నా నోట్సులో ఉన్నది ఇది: చట్టసభల గురించి ఇంగ్లీషువాళ్ళు చేసిన 1861, 1892, 1909, 1919, 1935 చట్టాలు, తర్వాత రాజ్యాంగం. ఒక్కో చట్టంతో ఎన్నికలు కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చాయని, జనానికి అలవాటు కావాలి కాబట్టి అదే సరైన పద్ధతని పుస్తకంలో ఉంది. నాకూ అదే సబబనిపిస్తోంది, చదువు లేని జనానికి ఒక్కసారిగా ఓటిస్తే ఏం చేసుకుంటారు? కానీ మనవైపు ఇది ఎలా జరిగిందో చెప్పేవాళ్ళు లేరు. మనం ఒకప్పుడు మదరాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, 1936 నుంచి ఒడిశాలో ఉన్నాం. తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం మాస్టారు
బాబూ, తాతగారి మాట కొట్టిపారేయకు, అలాగని అప్పుడే ఒప్పేసుకోకు కూడా. ముందు నీ నోట్సు సంగతి చూద్దాం. 1861 నుంచి ఎన్నికలు పెరిగాయనడం తప్పు, ఆ చట్టంలో ఎన్నిక ఊసే లేదు. మన గంజాం, అటు విశాఖపట్నం జిల్లాలు అప్పుడు మదరాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. చట్టాలు చేసేటప్పుడు మాత్రం గవర్నరు తన కౌన్సిల్లోకి నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా అదనపు సభ్యులని వేసుకోవచ్చు, వాళ్ళలో సగం మందైనా సర్కారు ఉద్యోగులు కానివాళ్ళు ఉండాలి. 1863లో గాజుల లక్ష్మీనరసు శెట్టి గారు అలాగే వెళ్ళారు. లోపల కూర్చున్నవాడికి ప్రశ్న అడిగే హక్కు కూడా లేదు.
1892 చట్టం ఇంకా విచిత్రం. ఎన్నిక అనే మాట రాయడానికి దొరలకి చెయ్యి రాలేదు. మున్సిపాలిటీలు, జిల్లా బోర్డులు, యూనివర్సిటీ, వర్తక సంఘం తలో పేరు సిఫారసు చేస్తే గవర్నరు ఆ పేర్లని "నామినేట్" చేస్తాడు. పెళ్ళిచూపులు అనకుండా పెళ్ళిచూపులు జరిపించడం అన్నమాట. బడ్జెట్ మీద మాట్లాడొచ్చు, ప్రశ్న అడగొచ్చు. జవాబు నచ్చకపోతే దాని మీద ఇంకో ప్రశ్న అడగడానికి మాత్రం 1909 దాకా ఆగాలి.
1909లో మింటో మార్లే సంస్కరణల చట్టం వచ్చాక ఎన్నిక అని ఒప్పుకున్నారు గానీ, మామూలు మనిషికి అది చాలా దూరం. ఊళ్ళో నీ ఓటు ఏదైనా ఉంటే అది మున్సిపాలిటీకో లోకల్ బోర్డుకో, ఆ మెంబర్లు కౌన్సిల్ సభ్యుణ్ణి ఎన్నుకుంటారు. జమీందారులకి విడిగా సీట్లు, ముస్లింలకి విడిగా సీట్లు.
నేరుగా ఓటరు నుంచి కౌన్సిల్‌కి అనేది 1919 చట్టంతో వచ్చింది, మొదటి ఎన్నిక 1920 నవంబరులో. మదరాసు కౌన్సిల్లో 98 మంది ఎన్నికైనవాళ్ళు, మిగతావాళ్ళు నామినేషన్ మీదో, పదవి రీత్యానో వచ్చినవాళ్ళు. ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు, ప్రెసిడెన్సీ జనాభా నాలుగు కోట్ల పైమాట. ఆస్తి ఉండాలి, లేదా శిస్తో పన్నో కట్టాలి. సహాయ నిరాకరణ అని కాంగ్రెస్ దూరంగా ఉంది, ఓటున్నవాళ్ళలో నాలుగో వంతు మందే వెళ్ళి వేశారు, జస్టిస్ పార్టీ 63 సీట్లు గెలిచింది.
కళ్ళజోడు తీసేశాను, మిగతాది రేపు.

కొలాబ్ నీళ్ళు (జయపురం)
మాస్టారు గారికి నమస్కారం. తమ్ముడు మహేంద్రతనయా, నీ పుస్తకంలో "జనానికి అలవాటు కావాలి" అని రాసినవాడెవడో గానీ మా జయపురం వైపు ఒకసారి రమ్మను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ప్రాంతాన్ని విశాఖపట్నం జిల్లా నుంచి విడదీసి కోరాపుట్ జిల్లా చేశారు. పాక్షికంగా మినహాయించిన ప్రాంతం అని ముద్ర. అంటే అసెంబ్లీ చేసిన చట్టం మాకు వర్తించాలా వద్దా అన్నది గవర్నరు ఇష్టం. 1937 అసెంబ్లీలో 60 మంది ఉంటే 56 మంది ఎన్నికైనవాళ్ళు, తక్కిన నలుగురిని వెనకబడిన తెగల తరఫున అని గవర్నరే వేశాడు. వాళ్ళ తరఫున మాట్లాడేది ఎవరో కూడా వాళ్ళు తేల్చుకోలేరట!
మరి పదిహేనేళ్ళు తిరిగేసరికి 1952లో అదే మన్యంలో, అదే సవరలు, పరజలు, కోయలు, ఒక్కరికీ పాఠం చెప్పకుండానే వెళ్ళి ఓటేశారు. ఏమైనా కొంప మునిగిందా? ఆ పదిహేనేళ్ళలో వాళ్ళకి ఎవరు ఏం అలవాటు చేశారు? ఏమీ లేదు. ఆలస్యం అయింది జనం వల్ల కాదు, ఇవ్వడానికి పైవాడికి మనసొప్పక.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అన్నా, కోప్పడకండి. నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను. కానీ ఒకటి, 1952లో నడిచింది అంటే అంతకుముందు 1920 నుంచి ఆఫీసులకి, పార్టీలకి ఎన్నికలు ఎలా జరపాలో తెలిసింది కాబట్టి కదా?

కొలాబ్ నీళ్ళు (జయపురం)
ఆఫీసులకి తెలిసింది, సరే. మరి దానికి జనం అర్హత గురించి ఎందుకు మాట్లాడటం? "మాకు లిస్టు రాయడం చేతకాదు, ఆగండి" అని చెప్పొచ్చుగా.

గుణుపూర్ కోడలు
లిస్టు మాట వచ్చింది కాబట్టి నేనూ దూరతాను. పుట్టిల్లు పార్వతీపురం, అత్తవారిల్లు గుణుపూర్, రెండు రాష్ట్రాల రేషన్ కార్డు ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఉంది, అర్హత ఉంది మాట్లాడటానికి :)
ఆడవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. 1919 చట్టం ఆడవాళ్ళకి ఓటు ఇవ్వలేదు, కావాలంటే ప్రొవిన్సుల కౌన్సిళ్ళు తీర్మానం చేసుకోండి అని వదిలేసింది. అందరికంటే ముందు చేసింది మన మదరాసే, 1921లో. కానీ షరతు అదే, ఆస్తి. మనవైపు ఎంతమంది ఆడవాళ్ళ పేరున భూమి ఉండేది? అంటే తలుపు తీశారు, గడప మాత్రం నడుమెత్తు పెట్టారు. సభలో కూర్చునే హక్కు ఇంకా తర్వాత. ముత్తులక్ష్మీ రెడ్డి గారు మదరాసు కౌన్సిల్లోకి నామినేషన్ మీద వెళ్ళి 1927లో ఉపాధ్యక్షురాలయ్యారు.
ఇక అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికల్లో జరిగిన చిత్రం వినండి. లిస్టు రాసేవాళ్ళు ఇంటికొస్తే చాలాచోట్ల ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు, ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అనే రాయించుకున్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటివి కుదరవు, సొంత పేరు ఉండాల్సిందే అన్నారు. దేశం మొత్తం మీద సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు లిస్టులోంచి పోయాయి. కొందరు ఆయన్ని తప్పుపడతారు, నేను పట్టను. ఆ ఒక్క దెబ్బతో తర్వాతి ఎన్నికలకి అందరూ పేర్లు చెప్పారు. మా నాయనమ్మ పేరు మా ఇంట్లో సగంమందికి తెలిసింది ఓటరు స్లిప్పు మీదే.

బరంపురం మాస్టారు
అమ్మాయి బాగా చెప్పింది. నిన్నటిది పూర్తి చేస్తాను.
1935 చట్టంతో ఓటు కొంచెం విశాలమైంది. దేశం మొత్తంలో ప్రొవిన్సుల ఓటర్లు సుమారు 3 కోట్లయ్యారు. కానీ అప్పుడూ ఆస్తి, పన్ను, చదువు, వీటిలో ఏదో ఒకటి చూపించాల్సిందే. 1937లో ఒడిశాలో కాంగ్రెస్ 60కి 36 గెలిచింది, గవర్నర్ల ప్రత్యేక అధికారాల మీద పేచీ పెట్టి మంత్రివర్గం ఏర్పాటు చేయనంది. అప్పుడు గవర్నరు పిలిస్తే మీ పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి గారు ఏప్రిల్‌లో ప్రధానమంత్రి అయ్యారు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు. జులైలో కాంగ్రెస్ ఒప్పుకోగానే దిగిపోయారు, బిశ్వనాథ్ దాస్ గారు వచ్చారు. అంటే జనం నేరుగా ఓటేసి మెజారిటీ ఇచ్చాక కూడా, మెజారిటీ లేనివారు మూడున్నర నెలలు కుర్చీలో ఉన్నారు. ఎన్నిక నేరుగా జరగడం ఒకటి, అధికారం దాని వెంట రావడం ఇంకొకటి. 1920లో కూడా ఇదే, విద్య, ఎక్సైజు లాంటివి మంత్రులకిచ్చి, పోలీసు, రెవెన్యూ గవర్నరు దగ్గరే ఉంచుకున్నారు.
ఇంకో సంగతి, మా బరంపురం వాళ్ళం గొప్పలు చెప్పుకునేది. వి.వి. గిరి గారు ఇక్కడే పుట్టారు. 1937లో ఆయన మదరాసు అసెంబ్లీకి బొబ్బిలి నుంచి నిలబడి సాక్షాత్తూ బొబ్బిలి రాజాని ఓడించారు. రాజా అప్పటిదాకా మదరాసు ప్రభుత్వానికి పెద్ద. ఇలాంటిది నామినేషన్ల కాలంలో జరిగేదా?
జయపురం బాబు వాదన సగం ఒప్పుకుంటాను. సగమే. పార్టీలు ఊళ్ళోకి వెళ్ళి ఇంటింటికీ తిరగడం నేర్చుకున్నది 1920, 1937 ఎన్నికల్లోనే.

గుణుపూర్ కోడలు
మాస్టారూ, గిరి గారి కథ సగంలో ఆపేశారు. 1957లో ఆయన మా పార్వతీపురం నుంచి లోక్‌సభకి నిలబడ్డారు. అప్పుడది ద్విసభ్య నియోజకవర్గం, ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ రిజర్వుడు, ఓటరుకి రెండు ఓట్లు. ఓట్లు లెక్కపెడితే గిరిజన అభ్యర్థులిద్దరూ గిరి గారిని దాటేశారు, రెండో ఆయన కొన్ని వందల ఓట్ల తేడాతో. ఒకరికి రిజర్వుడు సీటు, రెండో ఆయన సూరిదొర గారికి జనరల్ సీటు! గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1959లో కోర్టు సూరిదొర గారి పక్షానే చెప్పింది, ఎక్కువ ఓట్లు వస్తే గిరిజనుడికి జనరల్ సీటు ఎందుకు రాకూడదు అని. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలే ఎత్తేశారు. మా నాన్నగారు ఈ కథ ఎన్నిసార్లు చెప్పేవారో లెక్కలేదు.
కొలాబ్ అన్నయ్యా, మన్యం వాళ్ళకి ఓటు ఇస్తే ఏమవుతుంది అని అడిగారుగా. ఇదవుతుంది :)

కొలాబ్ నీళ్ళు (జయపురం)
చెల్లెమ్మా, ఈ ఒక్క ముక్కకి నీకు జయపురంలో భోజనం బాకీ.

గోపాలపూర్ సరంగు
నేను ఎక్కువ రాయను, టైపింగ్ నెమ్మది. ఓడ మీద చాలా ఏళ్ళు చేశాను, హాంకాంగ్ రేవుకి వెళ్ళొస్తూ ఉండేవాణ్ణి. అక్కడ కూడా 1997 దాకా ఇంగ్లీషువాళ్ళ పాలన, అక్కడ కూడా లెజిస్లేటివ్ కౌన్సిలే, అక్కడ కూడా ఇదే వాయిదాల పద్ధతి. వంద ఏళ్ళకి పైగా ఒక్క ఎన్నికా లేదు. 1985లో మొదటిసారి కొన్ని సీట్లకి ఎన్నిక పెట్టారు, అదీ నేరుగా కాదు, బోర్డుల మెంబర్లు, లాయర్లు, డాక్టర్లు, వ్యాపార సంఘాలు ఎన్నుకునేవి. మాస్టారు చెప్పిన జమీందారీ సీటు, యూనివర్సిటీ సీటు, వర్తకుల సీటు, అచ్చంగా అవే. మనింట్లో వాడిన పాత ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళి వాళ్ళకిచ్చారు.
1991లో 60లో 18 సీట్లకి నేరుగా ఓటు. 2004కి 30 అయ్యాయి. 2012కి 70లో 35. అలా పెరిగి పెరిగి మొత్తం అయిపోతుందని అక్కడి షిప్పింగ్ ఆఫీసు కుర్రాళ్ళు ఆశగా ఉండేవాళ్ళు. 2021లో సభని 90 చేశారు, నేరుగా ఎన్నికయ్యేవి 20కి దించేశారు. 40 సీట్లు ఒక ఎన్నికల కమిటీ చేతిలో, 30 వృత్తి సంఘాలకి.
తమ్ముడూ, మెట్లు ఎక్కడానికే కాదు, దిగడానికి కూడా పనికొస్తాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
సరంగు గారూ, ఇది నాకు అస్సలు తెలియదు. మనదీ అలా ఆగిపోయి ఉంటే అని ఆలోచిస్తే కొంచెం టెన్షన్‌గా ఉంది.

పొట్టంగి ఘాట్
మీరంతా ఓటు లేదని ఏడుస్తున్నారు, ఒడిశా, ఆంధ్రా రెండూ మావంటే మావనే మా కోటియా ఊళ్ళవాళ్ళకి రెండు రాష్ట్రాలూ ఓటిస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు అక్కడ మూడు ఊళ్ళలో జరిపింది, ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. రెండు చేతుల్లో రెండు కార్డులు, నీళ్ళకి మాత్రం ఇప్పటికీ ఊటే దిక్కు.

మోడరేటర్
ఇప్పటి పార్టీల పేర్లు లాగకుండా ఇంతదాకా వచ్చారు, సంతోషం. కోటియాకి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా, తెలంగాణకు నదే అడ్డం. మా దిక్కు చరిత్ర వేరే, మేం మదరాసు కాదు, నైజాం చేతిల నుంచి 1860ల ఇంగ్లీషోళ్ళకు పోయినం, తర్వాత చాందా జిల్లా, నాగపూర్ సర్కారు. ఆ కౌన్సిల్ ముచ్చట నాకు సరిగ్గా తెల్వదు, అందుకే ఇప్పటిది చెప్త.
సరంగు అన్న మెట్ల ముచ్చట మా ఊరి సర్పంచికి సరిపోతది. 2017 దాకా మహారాష్ట్రల వార్డు మెంబర్లు కలిసి సర్పంచిని ఎన్నుకునేటోళ్ళు. 2017ల జనం నేరుగా ఎన్నుకోవాలె అన్నరు. 2020ల సర్కారు మారినంక అది తీసేసిన్రు. 2022ల సర్కారు మల్ల మారింది, మల్ల నేరుగా అన్నరు. మునిసిపాలిటీ నగరాధ్యక్షునిది కూడా ఇదే కథ. మా బాపు అంటడు, ఈసారి ఓటు సర్పంచికా మెంబరుకా అని పోలింగ్ బూత్ కాడికి పోయినంకనే తెలుస్తదని.
ఇంకొకటి. యూనివర్సిటీ సీటు పాత ముచ్చట అనుకుంటున్నరు మీరు. నాకు డిగ్రీ ఉంది కాబట్టి నాగపూర్ పట్టభద్రుల సీటుకు ఎమ్మెల్సీ ఓటు ఉంది. మా బాపుకు లేదు. ఆయన నాకంటె ఎక్కువ పేపర్ చదువుతడు.

కొలాబ్ నీళ్ళు (జయపురం)
ఒడిశాలో ఆ బాధ లేదు, శాసన మండలే లేదు. 2018లో పెట్టాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, అక్కడే ఆగింది. ఆగనీ.

బరంపురం మాస్టారు
ఆగనీ అని అంత తేలిగ్గా అనకు బాబూ, ఎన్నికల్లో గెలవలేని మంచివాళ్ళు కొందరు మండలి ద్వారా వచ్చిన రోజులు ఆంధ్రాలో ఉన్నాయి. అది పక్కన పెడదాం, నువ్వూ నేనూ తెల్లారేదాకా కొట్టుకుంటాం.
సిరొంచ అబ్బాయి చెప్పినదానికి మా ఊరి ముక్క ఒకటి. ఒడిశాలో 2022 మార్చిలో మున్సిపల్ చైర్‌పర్సన్‌ని, మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. బరంపురంలో నేను రెండుసార్లు మీట నొక్కాను, ఒకటి కార్పొరేటర్‌కి, ఒకటి మేయర్‌కి. ఇదివరకు కార్పొరేటర్లు ఎన్నుకునే రోజుల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. మా వార్డులో నేను ఓటేసి గెలిపించిన ఒకాయన ఫలితాలొచ్చిన రాత్రి నుంచి వారం రోజులు కనిపించలేదు. క్యాంపు! ఏ ఊరి హోటల్లో ఉన్నాడో భార్యకి కూడా తెలియదు. నల్లా గురించి అడగడానికి వెళ్తే ఆవిడ నన్నే అడిగింది, "మాస్టారూ, మీకేమైనా తెలిసిందా" అని. పాతికమందిని దాచొచ్చు, ఊరిని దాచలేరు కదా. 1909లో జిల్లా బోర్డు మెంబర్ల దగ్గర ఏం జరిగేదో ఊహించుకోవడానికి నాకు ఆ వారం చాలు.
అయినా పంచాయతీ సమితి చైర్మన్, జిల్లా పరిషత్ అధ్యక్షుడు ఇప్పటికీ మెంబర్ల చేతుల్లోనే ఉన్నారు. క్యాంపులకి కొదవ లేదు.

గుణుపూర్ కోడలు
ఇంత చెప్పుకున్నాం, అసలైన తమాషా ఎవరూ అనలేదు. అందరికీ ఓటు అని 326వ అధికరణం రాసిన రాజ్యాంగ సభని ఎన్నుకున్నది ఎవరు? ఎక్కువమందిని ప్రొవిన్సుల అసెంబ్లీల సభ్యులు. వాళ్ళని ఎన్నుకున్నది ఆస్తి, చదువు ఉన్న కొద్దిమంది. పరోక్షంగా వచ్చినవాళ్ళే ప్రత్యక్షాన్ని రాశారు, ఈసారి వాయిదాలు పెట్టలేదు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండితే చాలన్నారు, 18 అయ్యింది 1989 నుంచి. తమ్ముడు పుస్తకం వాళ్ళు ఆ గదిలో ఉండి ఉంటే ఇంకో రెండు మెట్లు కట్టేవాళ్ళు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఒప్పుకున్నాను అక్కా, ఓడిపోయాను. నిన్న రాత్రి తాతయ్య దగ్గర కూర్చుని ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. బొబ్బిలి రాజా ఓడిపోయిన దగ్గర నవ్వాడు, మాట కలిసింది.
1952 సంగతి ఆయనకి బాగా గుర్తుంది. అప్పటికి పన్నెండేళ్ళు, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళాడట. లోపల తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప పెట్టె, పెట్టె మీద గుర్తు బొమ్మ. కాగితం మీద ముద్ర వేసేది లేదు, నచ్చిన పెట్టెలో కాగితం పడేయడమే. వాళ్ళమ్మ కాగితం వేసి, పెట్టెకి దణ్ణం పెట్టి వచ్చిందట.
అప్పుడు మెల్లిగా అడిగాను, మరి 1937లో ముత్తాత ఎలా వేశాడు, మన పేరు లిస్టులో ఎలా ఉంది అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు. ఓటు ముత్తాతది కాదట. ఓటున్న పెద్దలని పోలింగ్ జరిగేచోటికి చేరవేయడానికి ముత్తాత రెండెడ్ల బండి కట్టాడట, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పాడట. ఇంటికొచ్చి "ఇవాళ ఓట్లేసొచ్చాం" అన్నాడట.

బరంపురం మాస్టారు
బండి కిరాయి ఇచ్చారా అని అడుగు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అడిగాను మాస్టారూ. ఎడ్లకి గడ్డి ఇచ్చారట.